పొట్టు తీసి తిన్న బ్రెజిల్ బిస్కెట్లు

మొన్న పావగడలో ఒక బేకరీలో కూర్చొని వేఫర్ బిస్కెట్టు పొర విప్పి తింటూ ఉంటే, గల్లా దగ్గరి మనిషి నన్ను చూసి నవ్వినాడు. నవ్వనీ. బిస్కెట్టు తినేదానికి కూడా ఒక పద్ధతి ఉందనీ, అది తెలియనివాళ్ళు మనుషులే కారనీ అనుకునేవాళ్ళను నేను చాలామందిని చూసినాను. అట్లా తినడం నాకు నేర్పింది మా ఇంటామె. ఆ సంగతి రాసిపెడితే తప్ప నా కడుపుమంట చల్లారదు.

తొంభైలలో ఒక కరువు సంవత్సరం అది. ఆకాశంలో వాన మోడాలు చూసి చూసి మెడలు నొప్పి పుట్టినాక, ఆషాఢంలో ఒక మంచి వాన పడింది. నేల పదునైంది. ఆ పదును ఆరేలోపల శెనక్కాయ విత్తనం భూమిలో పడాల. పడలేదంటే ఆ ఏడు ఇంక ఎదురుచూసేదానికి ఏమీ లేదు. మిషన్లో కొట్టిస్తే గింజ పైపొర లేచిపోయి సరిగా మొలవదని, విత్తనం కాయను చేత్తోనే ఒలిచేవాళ్ళం. ఒకరింట్లో ఒలుపంటే చుట్టుపక్కల ఆడవాళ్ళంతా వచ్చేవాళ్ళు. రేపు వాళ్ళిళ్ళలో ఒలుపుకు ఈ ఇంటి ఆడవాళ్ళు పోవాల. కాయను రాతికేసి తట్టేది, బొటనవేలితో నొక్కేది, గింజ చేటలోకి, పొట్టు గంపలోకి.

ఆ రోజు మా పంచలో ఒలుపు జోరుగా సాగుతూ ఉంటే, మధ్యాహ్నం బస్సుకు మా బామ్మర్ది దిగినాడు. బెంగుళూరులో, కాఫీ గింజలు బయటిదేశాలకు పంపే ఆఫీసులో గుమాస్తా. ఆ ఆఫీసుకు వచ్చిపోయిన బ్రెజిల్ వ్యాపారులు పంచిపెట్టిన బిస్కెట్ పొట్లాలు వాళ్ళక్క కోసమని తెచ్చినాడు. మెరిసే కాగితం. దానిమీద ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలే, భాష మాత్రం ఇంగ్లీషు కాదు. నేను బడికి పోయింది తక్కువ. పాత పేపర్లు, సంతలో కొన్న చిరుగు పుస్తకాలే నాకు మేష్టర్లు. కూడబలుక్కొని చదివినా ఒక్క ముక్క అంతుబట్టలేదు. ఒక పొట్లం మీద నిమ్మకాయ బొమ్మ, ఇంకోదానిమీద నేనెప్పుడూ చూడని ఎర్రటి పండు.

వంటింట్లో మా ఇద్దరికీ నిమ్మకాయవి చెరొకటి పెట్టినాడు. నోట్లో పెట్టుకుంటే కరకరమంది, అంతలోనే ఏమీ లేనట్టు కరిగిపోయింది. పులుపూ తీపీ నాలుక మీద మిగిలినాయి. మా ఇంటామె దాన్ని అట్లే కొరికి, పొరలతో సహా తినింది. నా కళ్ళారా చూసినాను. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

“బాగుండాది రా,” అని మిగతావన్నీ పళ్ళెంలో సర్దుకొని పంచలోకి పోయింది. ఒలుపుకొచ్చినవాళ్ళకు పెట్టకుండా ఏదీ దాచే మనిషి కాదు.

తలా ఒకటి తీసుకున్నారు. అందరిలోకీ పెద్దామె, మేమంతా పెద్దమ్మ అని పిలిచే ఆమె, బిస్కెట్టును తిప్పి చూసింది. తేలిగ్గా, గరుగ్గా, శెనక్కాయ తొక్క మీద ఉన్నట్టే గళ్ళు గళ్ళుగా ఉంది. బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కింది. పొర ఊడొచ్చింది. లోపల గులాబి రంగు ముద్ద. దాన్ని గోటితో గీకి నాకి, పొరను పొట్టు గంపలో పడేసింది. పొద్దున్నించీ ఆ వేళ్ళు చేస్తున్న పని అదే కదా. ఆమెను చూసి అందరూ అట్లే చేసినారు.

బామ్మర్ది పగలబడి నవ్వినాడు. “చూడు బావా, బ్రెజిల్ బిస్కెట్టును కూడా శెనక్కాయ చేసేసినారు వీళ్ళు. పొట్టనుకున్నారు. బెంగుళూరులో చెప్తే ఎవరూ నమ్మరు.”

చేతులన్నీ ఆగిపోయినాయి. పెద్దమ్మ మొహం చిన్నబోయింది. చేట పక్కకు జరిపి, కొంగు దులుపుకొని లేవబోయింది. ఆమె లేస్తే వెనకాలే అందరూ లేస్తారు. కాయ ఇంకా సగం మిగిలుంది. బయట నేల చూస్తూ ఉండగానే ఆరిపోతోంది. బామ్మర్దిని కసురుదామంటే ఇంటికొచ్చిన చుట్టం, ఊరకుంటే ఒలుపు పాయె. అన్ని పుస్తకాలు చదివిన నేను వంగి, కింద రాలిన గింజలు ఏరుకుంటా ఉండిపోయినాను.

మా ఇంటామె పళ్ళెంలోంచి ఒకటి తీసుకొని పెద్దమ్మ పక్కన కూలబడింది. బొటనవేలితో నొక్కి పొర విప్పింది. లోపలిది గోటితో గీకి తినింది. పొరను, ఏ తొందరా లేకుండా, గంపలో వేసింది.

“మా ఇంట్లో ఇట్లే తింటామురా,” అనింది తమ్మునితో. “నీకు పొట్టే ఇష్టమైతే గంప ఈడే ఉండాది, తిను.”

పెద్దమ్మ మెల్లగా చేట దగ్గరికి లాక్కుంది. “పిల్లోనికి ఆకలి తీరినట్టు లేదు. గంప ఇట్ల జరపండమ్మా,” అనింది. పంచంతా నవ్వు. మా బామ్మర్ది చెడ్డవాడు కాదు. మొహం ఎర్రబడి, అట్లే నిలబడి నిలబడి, చివరికి చొక్కా చేతులు మడిచి తనూ ఒలుపుకు కూర్చున్నాడు. వీడు చేటలో వేసేదానికంటే నోట్లో వేసుకునేదే ఎక్కువని పొద్దు గూకేదాకా ఆడవాళ్ళు వాణ్ణి వదల్లేదు.

దీపాలు పెట్టే వేళకు కాయ అయిపోయింది. పొట్టు దిబ్బలో పోస్తూ ఉంటే మా ఎద్దు మూతి పెట్టి బ్రెజిల్ పొరలను ఏరుకొని తినింది. తెల్లారి విత్తేదానికి గొర్రు కట్టినాను. వాన మళ్ళీ మొహం చూపలేదు కాబట్టి ఆ ఏడు పంట చెప్పుకునేంత రాలేదు. కానీ మా చేలో విత్తనం మొలిచినట్టు ఆ చుట్టుపక్కల ఎవరి చేలోనూ మొలవలేదు, ఈ మాట ఎవరి ముందైనా అంటాను.

చాన్నాళ్ళకు ఒక పుస్తకంలో చదివినాను, శెనక్కాయ పుట్టిందే ఆ బ్రెజిల్ పక్కనంట. పరుగున పోయి మా ఇంటామెకు చెప్పినాను. పొయ్యి ఊదుతూ వినింది.

“అట్లయితే ఒలుచుకొని తినేది వాళ్ళకూ తెలిసే ఉంటాది లే,” అనింది.