పక్కింటివాళ్ళ పూచీ

అమీర్‌పేటకు నేను సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడానికి వచ్చాను. నేర్చుకున్నది ఎవరికీ పనికిరాకపోవడంతో అదే వీధిలో ఇతరులకు నేర్పే ఉద్యోగంలో కుదురుకున్నాను. నెట్‌లో వెతికేవాళ్ళకు చిన్న వ్యాపారాలు పైన కనబడేలా చేయడం ఎలా అన్నది నా సబ్జెక్టు. అప్పటిదాకా నేను ఏ వ్యాపారాన్నీ పైకి తెచ్చి ఎరగను. పిల్లలెవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

తాళాలు తీసే అన్నతో పరిచయం మాత్రం అంతకుముందుది. హాస్టల్ గది తాళంచెవి పోగొట్టుకుని, సందు మొదట్లో ఉన్న ఆయన కొట్టుకు పరిగెత్తాను. వచ్చాడు. గది చూశాడు, తాళం చూశాడు, నన్ను కాస్త ఎక్కువసేపు చూశాడు.

"ఓనర్‌ని పిలువు."

"లోపలున్నవి నా బట్టలే అన్నా."

"దొంగ సుత గట్లనే అంటడు తమ్మి."

హాస్టల్ ఆంటీ కిందినుంచి వచ్చి "మా పిల్లాడేలే" అన్నాకే సంచి విప్పాడు. ఆయన పద్ధతి అది. తెలిసినవాళ్ళెవరో ఒకరు పూచీ పడనిదే ఎవరి తలుపూ తీయడు.

తర్వాత మెట్రో పనులు మొదలై, కొట్టు ముందు ఎత్తుగా రేకులు నిలబెట్టారు. వాటి వెనక తాళాల కొట్టు ఒకటుందని ఆయనకూ నాకూ తప్ప ఎవరికీ గుర్తు లేకుండా పోయింది. ఒకరోజు టీ తాగుతూ అన్నాడు: "ఇట్లనే ఉంటే దసరా తర్వాత షట్టర్ ఓనర్‌కి అప్పజెప్పి, బామ్మర్ది దుకాణంల కూసుంట."

బావమరిది దుకాణంలో కూర్చోవడమంటే ఏమిటో ఆయన ముఖమే చెప్పింది. టీ సగంలో వదిలేశాడు.

"నెట్‌లో పెడదాం అన్నా. తాళాలు తీసేవాళ్ళ కోసం ఎవరు వెతికినా నీ ఫోన్ నంబరు కనబడుతుంది."

"నీకేమొస్తది దీంట్ల?"

"ఏం రాదు."

అక్కడే చెడగొట్టాను. ఎంతో కొంత అడిగి ఉంటే బేరమాడి నమ్మేవాడు. ఏమీ వద్దనేవాణ్ణి మా వీధిలో ఎవరు నమ్ముతారు?

గోడ నిండా వేలాడే తాళంచెవులు ఫొటోకి బ్రహ్మాండంగా ఉన్నాయి. తీయబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. ఫొటో చూసి తాళంచెవి చేసేటోళ్ళు ఉన్నారట. పనిముట్లు వద్దు, ముఖం అసలే వద్దు. బతిమాలగా బతిమాలగా ఒప్పుకున్నది మూసి ఉన్న షట్టర్ ఫొటో ఒక్కటి. మూసిన షట్టర్‌తో తన వ్యాపారాన్ని లోకానికి పరిచయం చేసుకున్న మొదటి మనిషి ఆయనే అయి ఉంటాడు. నేను పరిశోధన చేయలేదు.

కొట్టు నిజంగా ఉందో లేదో తేల్చుకోవడానికి సెర్చ్ కంపెనీ పోస్టులో ఒక కార్డు పంపుతుందనీ, దాని మీది నంబరు తిరిగి చెబితేనే నెట్‌లో కనబడతామనీ వివరించాను. మొదటిసారిగా ఆయనకు నెట్ మీద గౌరవం కలిగింది.

"అంటే ఆళ్లు సుత ఉత్తగ నమ్మరన్నట్టు. మంచోళ్లే."

కార్డు వచ్చింది. కొన్నాళ్ళకు బంజారా హిల్స్‌లోని ఒక అపార్ట్‌మెంట్ నుంచి మొదటి ఫోన్ కూడా వచ్చింది.

"నాకు తెల్వనోడు నాకు ఫోనెట్ల చేసిండు?" అని నన్నే నిలదీశాడు.

అందుకోసమే కదా ఇదంతా అన్నాను. నన్ను కూడా బండెక్కించుకున్నాడు, సాయానికి కాదు, ఏమైనా అయితే చూపించడానికి ఒక మనిషి ఉండాలని. పంజాగుట్ట సిగ్నల్ దగ్గర వెనక్కి తిరిగి, "ఆడు నీకేమన్న తెలుసా?" అని అడిగాడు.

ఫ్లాట్ ముందు మెడలో ఆఫీసు ఐడీ కార్డుతో ఒకతను నిలబడి ఉన్నాడు. గాలికి తలుపు మూసుకుపోయిందట, తాళంచెవి లోపలే ఉందట. అన్న తాళం వైపు చూడనైనా చూడలేదు.

"పక్కింటోళ్లని పిలువు సార్."

"ఎందుకండీ? వాళ్ళెవరో నాకు తెలీదు."

"ఎన్నేండ్ల సంది ఉంటున్నవ్?"

"మూడేళ్ళు."

మూడేళ్ళుగా ఉంటూ పక్కింటివాళ్ళను ఎరగకపోవడం, అన్న లెక్కలో, నేరం ఒప్పుకోవడమే.

"ఇదిగో, నా ఐడీ కార్డు!"

"కార్డు అమీర్‌పేట్‌ల ఎవ్వడన్న చేసిస్తడు సార్."

వీధి పరువు నిలబెట్టాల్సింది నేనే. అయినా రెండడుగులు వెనక్కి జరిగాను.

"అసలు నువ్వెవరు? నెట్‌లో చూస్తే మూసిన కొట్టు తప్ప ఏమీ లేదు. నిన్ను నేనెలా నమ్మాలి?"

న్యాయమైన ప్రశ్నే. ఇద్దరూ నా వైపు చూశారు. నేను లిఫ్టు వైపు చూశాను.

ఈ గొడవకి పక్క ఫ్లాట్ తలుపు గొలుసు మేరకు తెరుచుకుంది. ఒక పెద్దావిడ.

"అమ్మా, గీ సార్ గీ ఇంట్లనే ఉంటడా?"

"పేరదీ తెలీదు బాబూ. మా పార్కింగ్‌లో రోజూ బండి పెట్టేది మాత్రం ఇతనే. ఏంటయ్యా, ఎన్నిసార్లు చెప్పాలి నీకు?"

"ఆంటీ, అది గీత మీద ఉంటుందండీ..."

"సగం బండి నా వైపుంటే గీత మీదంటావా?"

అన్న అప్పటికే సంచి విప్పుతున్నాడు. "చాలమ్మా. పార్కింగ్ కాడ దొంగతోని ఎవ్వరు కొట్లాడరు."

వాళ్ళ తగువు తేలకముందే తలుపు తెరుచుకుంది.

మర్నాడు నెట్‌లో కొట్టుకు ఐదింటికి ఒకే ఒక్క నక్షత్రం వచ్చింది. కింద ఇలా రాసి ఉంది: "తాళం తీయమంటే నన్నే దొంగలా చూశాడు. పక్కింటావిడ చెప్పేదాకా తలుపు ముట్టుకోలేదు. దయచేసి ఎవరూ పిలవకండి." బావమరిది దుకాణంలో కుర్చీ తుడిచి పెట్టినట్టే అనుకుంటూ అన్నకు చదివి వినిపించాను.

"అబద్ధమేం రాయలే కదా," అన్నాడు.

ఆ తర్వాత ఫోన్లు మొదలయ్యాయి. అద్దెకున్నవాళ్ళు ఖాళీ చేశాక తాళాలు మార్చాలనుకునే ఓనర్లు, లేడీస్ హాస్టళ్ళు నడిపేవాళ్ళు, ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళు. అందరిదీ ఒకటే ప్రశ్న: "పక్కింటావిడని అడిగిందాకా తలుపు ముట్టుకోనిది మీరేనా?" దసరా వచ్చింది, పోయింది. షట్టర్ ఆయన దగ్గరే ఉంది.

"నిజం చెప్పు, గా నెట్‌ల రాసింది నువ్వే కదా?"

"కాదన్నా."

"మస్తు రాసినవ్ పో."

నా క్లాసులో ఈ సంగతి చెప్పలేదు. ఒక్క నక్షత్రం సంపాదించడమెలా అన్న పాఠం సిలబస్‌లో లేదు.

రేకులు తీసేసిన కొన్నాళ్ళకు నేను పంజాగుట్టలో ఒక అద్దె ఫ్లాట్‌కు మారాను. ఉన్నది ఒక్కటే తాళంచెవి, ఇంకోటి చేయించుకుందామని కొట్టుకు వెళ్ళాను. అన్న దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, నా చేతిలోనే పెట్టాడు.

"ఇంటి ఓనర్‌ని తీస్కరా. లేకుంటే పక్కింటోళ్లని."

"అన్నా! నేను నీకు తెలీదా?"

"నువ్వు తెలుసు తమ్మి. గా ఇల్లు తెల్వదు."

మా ఓనరు విజయవాడలో ఉంటాడు. పక్కింటివాళ్ళెవరో నాకింకా తెలియదు. ఆ సాయంత్రం నా బండి వాళ్ళ పార్కింగ్‌లో పెట్టాను, సరిగ్గా గీత మీద.