మూడో గేరులో మూడు ఆదివారాలు

నన్ను "కుంటోడా" అని పిలిచే హక్కు ఈ లోకంలో ఒక్క మనిషికే ఉండేది. ఆమె మా అక్క. రెండేళ్ళ వయసులో పోలియో వచ్చి నా ఎడమకాలు సన్నబడిపోతే, తనకు పెళ్ళయి వెళ్ళిపోయేదాకా నన్ను చంకనేసుకుని బడికి మోసింది ఆమే. నాకంటే ఎనిమిదేళ్ళే పెద్ద. "కుంటోడా, స్వల్ప తక్కువ తినరా, నా నడుము విరిగిపోతా ఉండాది" అనేది. మిగతా వాళ్ళందరూ నా ముందు ఆ మాట రాబోతే నాలుక కరుచుకుని, జాలిగా నా కాలికేసి చూసేవాళ్ళు. ఆ చూపు చూస్తే నాకు ఒళ్ళు మండేది. ఇప్పటికీ మండుతుంది.

రెండువేల సంవత్సరం దాటిన కొన్నేళ్ళకు, యాభై ఏళ్ళు పైబడ్డాక, నేను పాత ఆటోమేటిక్ కారు ఒకటి కొన్నాను. దానికి క్లచ్ లేదు, అంటే ఎడమకాలితో పని లేదు. అప్పట్లో బెంగళూరులో అలాంటి కార్లు అరుదు. కె.ఆర్.పురం నుంచి ఆఫీసుకు ఎవరి చెయ్యీ పట్టుకోకుండా వెళ్ళి వస్తుంటే, ఆలస్యంగానైనా మనిషినయ్యాననిపించింది. దొడ్డబళ్ళాపురంలో ఉన్న అక్కకు ఫోన్ చేసి చెప్పాను. "నా కుంటోడు కారు తోలుతాడంట అని వీధంతా చెప్పేసినా. ఎప్పుడు తెస్తావురా?" అంది. ఇదిగో అదిగో అంటూ నెలలు గడిపేశాను.

ఒకరోజు బావ ఫోన్ చేశాడు. ఆయన మగ్గాల మీద బతికిన మనిషి, ఎక్కువ మాట్లాడడు. "మీ అక్క అన్నీ మరిచిపోతా ఉండాదప్పా. డాక్టరు మెదడు జబ్బన్నాడు. మొన్న కోడల్ని పట్టుకుని ఎవురు నువ్వని అడిగింది. నిన్ను మాత్రం మరవలేదు. రోజూ అరుగు మీద కూర్చుని, కుంటోడు రాలేదా అంటాది. బేగ రాప్పా" అన్నాడు.

ఆ ఆదివారమే బయల్దేరాను. యలహంక దాటేసరికి డాష్‌బోర్డు మీద ఒక దీపం మిణుకుమిణుకుమంది. బండి ఒక్క కుదుపు కుదిపి బరువెక్కిపోయింది. ఇంజను ఎంత అరిచినా వేగం అందుకోలేదు. వెనకనుంచి లారీవాళ్ళు హారన్లు కొడుతుంటే అవమానంతో వెనక్కి తిప్పుకుని వచ్చేశాను.

"బస్సులో రా" అన్నాడు బావ. "కారులోనే వస్తాను" అన్నాను విసురుగా. బస్సు మెట్లెక్కడానికి ఎవరో రెక్క పట్టుకోవాలి, దిగడానికి ఇంకెవరో పట్టుకోవాలి. ఆ తర్వాత, కారు తోలుతాడని అక్క చెప్పుకున్న వీధిలోకి కాలు ఈడ్చుకుంటూ నడిచి వెళ్ళాలి. టాక్సీ మాట్లాడుకోవచ్చు కదా అంటే, వేరేవాడు తోలే బండిలో దిగడం నాకు ఇష్టం లేదు. అది పొగరు. దానికి ఇంకో పేరు లేదు.

రెండో ఆదివారం కారు ఒక పెద్ద వర్క్‌షాపులో ఉంది. అక్కడ ఏసీ హాలు, మెత్తటి సోఫాలు, టై కట్టుకున్న కుర్రాళ్ళు. బండిని రోజంతా నిలబెట్టి, చల్లారిన బండిని పరీక్ష చేసి, ఏ లోపమూ కనపడలేదన్నారు. మళ్ళీ వెళ్ళి గొడవ పెట్టుకుంటే గేరుబాక్సే మార్చాలన్నారు. వాళ్ళు చెప్పిన ధరకు ఇంకో కారు వస్తుంది. మూడో ఆదివారం కారు మా గుమ్మం ముందు ఊరికే నిలబడి ఉంది. నేనూ దాన్ని తిట్టుకుంటూ ఇంట్లో ఊరికే కూర్చున్నాను.

ఆఫీసులో ఎవరో చెప్తే సోమవారం కాటన్‌పేట సందుల్లో ఒక ముసలి మెకానిక్కును వెతుక్కుంటూ వెళ్ళాను. కళ్ళజోడు జారకుండా దారంతో కట్టుకుని ఉన్నాడు. బండి సంగతి విని, బానెట్ ఎత్తకముందే అడిగాడు, "ఎప్పుడు చేస్తాదప్పా? తీసిన వెంటనేనా, తిరిగి తిరిగి కాగినంకనా?"

"అరగంట నడిపాక."

"ఈ మాట ఆ పెద్ద షాపువాళ్ళు అడగలేదా?"

అడగలేదు. ఆయన నా పక్కన కూర్చుని, మార్కెట్ రద్దీలో నా చేత అరగంట నడిపించాడు. దీపం వెలిగింది. బండి బరువెక్కింది. "ఇదో, ఇప్పుడు బండి..." అంటూ నా కాలికేసి చూసి ఆగిపోయాడు. "స్వల్ప వేరే రకంగా నడుస్తా ఉండాది" అన్నాడు.

"కుంటుతోందని చెప్పన్నా. నేనేం పడిపోను" అన్నాను కసిగా.

ఆయన నవ్వలేదు. "సరే. కుంటుతా ఉండాది" అన్నాడు.

షెడ్డుకు వచ్చాక బండి కిందికి దూరి, గేరుబాక్సుకు బిగించిన బొటనవేలంత నల్లటి ముక్క ఒకటి ఊడదీశాడు. అది సెన్సరట. లోపల చక్రం ఎంత వేగంగా తిరుగుతోందో కంప్యూటరుకు చెప్పడమే దాని పని. ఆ ముక్కను చల్లారనిచ్చి మీటరు తీగలు తగిలించాడు. ముల్లు లేచి నిలబడింది. తర్వాత పక్కనున్న టీ అంగడి నుంచి స్టీలు గ్లాసులో మరిగే నీళ్ళు తెప్పించి, సెన్సరును అందులో ముంచాడు. ఇద్దరం ముల్లుకేసి చూస్తూ కూర్చున్నాం. రెండు నిమిషాలకు ముల్లు చప్పున వాలిపోయింది.

"చల్లగా ఉంటే మాట్లాడుతాది, కాగితే మూగదైపోతాది. నీ గేరుబాక్సు బంగారమప్పా, ఎవుర్నీ ముట్టనీయొద్దు" అన్నాడు.

కొత్త సెన్సరు కావాలంటే నెల పడుతుందన్నాడు. పాత సామాన్ల అంగడి నుంచి, విప్పేసిన కార్లవి మూడు సెన్సర్లు తెచ్చి, మూడింటినీ అదే గ్లాసులో ముంచి చూశాడు. ఒకటి మూగబోయింది. మిగిలిన రెండింట్లో మంచిది బిగించాడు. అంతా కలిపి, నేను ఎడమకాలికి కుట్టించుకునే బూటు ఖర్చు కూడా కాలేదు.

"రెండు వారాల ముందే మీ దగ్గరికి వచ్చుంటే దొడ్డబళ్ళాపురం పోయుండేవాణ్ణి" అన్నాను.

ఆయన చేతులు తుడుచుకుంటూ, "అట్లనే పోయింటే కూడా చేరుతా ఉంటివి కదప్పా" అన్నాడు. "సెన్సరు మాట రాకపోతే కంప్యూటరు మూడో గేరులో కట్టేసేది ఎందుకనుకున్నావు? బండి పాడుగాకుండా మనిషిని చేర్చేదానికే. నిదానంగా పోవల్ల, అంతే. కుంటుకుంటా అయినా చేరుస్తాది." ఈసారి ఆ మాట దగ్గర ఆయన ఆగలేదు. నాకు మాత్రం ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మర్నాడు సెలవు పెట్టి వెళ్ళాను. దారి పొడవునా గేర్లు ఒకదాని వెనక ఒకటి మెత్తగా పడుతున్నాయి. నాకే సంతోషం లేదు. మగ్గాల చప్పుడు నిండిన ఆ వీధిలోకి కారు తిప్పి, సరిగ్గా అక్క కూర్చున్న అరుగు ముందు ఆపి, హారన్ కొట్టాను. అక్క కారును చూసింది. చేత్తో ఎడమకాలిని బయటికి ఎత్తి పెట్టుకుని దిగుతున్న నన్ను చూసింది. కొంచెం పక్కకు జరిగి చోటిచ్చింది.

"రాప్పా, కూర్చో. ఎవురు కావల్ల?" అంది.

బావ లోపలినుంచి పరుగున వచ్చాడు. నా ముందు ఎన్నడూ ఆ మాట అనని మనిషి, అక్క భుజం పట్టుకుని గట్టిగా, "కుంటోడు! నీ కుంటోడు వచ్చినాడు చూడు!" అన్నాడు.

అక్క ఆయన చేతిని తోసేసింది. "తప్పు. మనిషి ముందర అట్ల అనకూడదు" అంది.

బావ నా వైపు చూడకుండా, "మొన్న ఆదివారం దాకా అడిగిందప్పా" అన్నాడు.

అక్క వంగి నా బూటును చూస్తోంది. లోకంలో అందరి కళ్ళల్లో నేను చూసిన జాలి, ఆమె కళ్ళల్లో మొదటిసారి చూశాను. ఒళ్ళు మండలేదు. ఏడుపొచ్చింది.

"పాపం, కాలికేమైందప్పా?"

"చిన్నప్పుడు జ్వరం వచ్చిందక్కా."

"అయ్యో. ఎత్తుకునేవాళ్ళు ఎవురన్నా ఉండిరా?"

"ఒకామె ఉండింది."

"ఆ తల్లి చల్లగా ఉండల్ల" అంది మా అక్క.