ఏడు పిడికిళ్ల డబ్బాలో ఎనిమిదోది

ముప్పై నాలుగేళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పాను. మా బడి ప్రహరీకి అవతల సమాధుల తోట. పిల్లలు దయ్యమని భయపడితే, ఎక్కడ చూశావు, ఎన్ని గంటలకు చూశావు, పక్కన ఎవరున్నారు అని అడిగేదాన్ని. మూడో ప్రశ్నకు ఎవరి దగ్గరా జవాబు ఉండేది కాదు. ఇప్పుడు అదే ప్రశ్న నన్ను ఎవరైనా అడిగితే నా దగ్గరా జవాబు లేదు. నేను ఒక్కదాన్నే ఉంటాను.

మా ఊరు మలికిపురానికి దగ్గర. మా చర్చి సంఘంలో ఆడవాళ్లు అన్నం వండేముందు ఒక పిడికెడు బియ్యం తీసి విడిగా డబ్బాలో వేస్తారు. మా అమ్మమ్మ కూలికి వెళ్లే రోజుల్లోనూ వేసేది. ఆదివారం ఆ డబ్బాలు మందిరానికి తెచ్చి గంపలో పోస్తాం. ఎవరెవరు తెచ్చారో కార్యదర్శి పేర్లు చదువుతారు. ఆ బియ్యంతోనే గురువారం మధ్యాహ్నం మందిరం వెనక షెడ్డులో ఇల్లూ వాకిలీ లేనివాళ్లకు భోజనం పెడతాం. నలభై మంది దాకా వస్తారు. రిటైరైన దగ్గర్నుంచి ఆ పని నాదే.

ఒక క్రమం లేకపోతే ఏ పనీ నిలబడదని నా నమ్మకం. అందుకే డబ్బాలకు పేరు, డోరు నంబరు రాయించాను. డోరు నంబరు లేకపోతే డబ్బా లేదు. ఖాళీ డబ్బా తెస్తే పేరు చదవరు. ఈ రెండు రూల్సూ నేనే పెట్టాను.

మార్తమ్మ అని ఒకావిడ మూడేళ్లు మా భోజనానికి వచ్చింది. అరవై దాటి ఉంటాయి. ఏటి మధ్య లంకలో ఇల్లు ఉండేది. గట్టు కోసుకుపోయి ఇల్లు గోదావరిలో కలిసింది. భర్త అంతకు ముందే పోయాడు. మలికిపురం సెంటర్లో మూతపడిన ఒక కొట్టు అరుగు మీద పడుకునేది. పగలు నాలుగిళ్లు తిరిగేది. ఆదివారం మందిరం బయట మెట్ల మీద కూర్చునేది, లోపలికి రమ్మంటే చీర మాసిందనేది.

జూన్‌లో ఒక గురువారం భోజనమయ్యాక నా దగ్గరికి వచ్చి తనకూ ఒక డబ్బా ఇప్పించమంది. డోరు నంబరు ఏదని అడిగాను.

"గోదాట్లో ఉందండి టీచరమ్మగారూ. దిగి చూసుకుంటానంటే దారి చూపిత్తాను."

వడ్డిస్తున్నవాళ్లంతా నవ్వారు. నేను నవ్వలేదు. కుదరదన్నాను.

తర్వాతి వారం కొంగున ఒక పిడికెడు బియ్యం ముడేసుకుని వచ్చింది. ఇళ్ల దగ్గర అడుక్కున్న బియ్యం. రేషన్ లావు బియ్యం, సన్నబియ్యం, ఉప్పుడు బియ్యం, నూకలు, మధ్యలో ఎర్ర గింజలు. వంట చూసే సువార్తమ్మ అది చూసి, ఇది కలిపితే సగం గంజి అవుతుంది, సగం పలుకు మిగులుతుందంది. ఆ మాట నాకు కలిసొచ్చింది. ముడి విప్పి ఆ బియ్యం మార్తమ్మ చేతిలోనే పోసి పంపేశాను. అలా వరసగా మూడు గురువారాలు తెచ్చింది. మూడుసార్లూ వెనక్కి ఇచ్చాను.

మూడోసారి నేను అన్న మాట నాకు గుర్తుంది. తినడానికి వచ్చేవాళ్లు తినాలి, ఇచ్చేవాళ్లు ఇవ్వాలి, రెండింటిలోనూ నువ్వే ఉంటే నేను ఏ వరసలో రాయాలి అన్నాను.

"నేను పోటీకి రాలేదండి," అంది మార్తమ్మ. "ఆదివారం పేర్లు సదువుతుంటే మెట్ల మీంచి ఇంటానండి. అందరియ్యీ అయిపోతాయి. ఒక్కసారి నాదీ ఇనాలనుందండి."

కుదరదనే చెప్పాను. ఆ తర్వాత తను మళ్లీ అడగలేదు.

అక్టోబరు వానల్లో ఒక గురువారం ఆమె రాలేదు. అంతకుముందు సోమవారం పొద్దున్నే ప్రభుత్వాసుపత్రిలో పోయిందని, నా అనేవాళ్లు లేరని పంచాయతీ వాళ్లు పూడ్చేశారని అప్పుడు తెలిసింది. మూడేళ్లు మా దగ్గర అన్నం తిన్న మనిషి. మాకు ఎవరూ కబురు చెయ్యలేదు. ఎవరికి చెప్పాలో వాళ్లకు తెలియదు, తెలిసేలా మేం ఎక్కడా రాసిపెట్టలేదు. నాకు ఎవరి మీద కోపం రావాలో తెలియక సువార్తమ్మ మీద అరిచాను.

ఇక జరిగింది చెబుతాను.

నేను రోజుకు ఒక్కసారే వండుకుంటాను, ఆదివారమైతే మందిరానికి వెళ్లేముందే. డబ్బాలో రోజుకు ఒక పిడికెడు, వారానికి ఏడు. నేను కొనేది ఒకటే రకం సన్నబియ్యం. ఏడు పిడికిళ్లు నా స్టీలు డబ్బాలో రెండో గీతకు సరిగ్గా వస్తాయి. మందిరానికి తీసుకెళ్లేముందు చేటలో పోసి రాళ్లు చూస్తాను.

ఆ ఆదివారం బియ్యం గీత దాటి ఉంది. చేటలో వంచితే అడుగున ఉన్నది చివర పడింది. లావు బియ్యం, ఉప్పుడు బియ్యం, నూకలు, ఎర్ర గింజలు. నా చేత్తో కొలిస్తే ఒక పిడికెడు.

కొట్టువాడు కలిపాడేమో అనుకున్నాను. కలిపితే అంతటా కలవాలి కదా, అడుగున మాత్రమే ఎందుకు ఉంటుంది? ఆ సాయంత్రం డబ్బా తుడిచి, టార్చి వేసి అడుగు చూశాను. సోమవారం పది గంటలకు మొదటి పిడికెడు వేసేముందు మళ్లీ చూశాను. ఖాళీ. డబ్బా బీరువాలో పెట్టి తాళం వేసుకున్నాను. ఆదివారం వంచితే నా సోమవారం బియ్యం కింద ఆ కలగాపులగం బియ్యం ఉంది. ఒక్క పిడికెడు.

మతిమరుపేమోనని డాక్టరుకు చూపించుకున్నాను. వందలోంచి ఏడేసి తీస్తూ చెప్పమన్నారు. రెండు దాకా తప్పు లేకుండా చెప్పాను.

పాస్టరుగారికి చెబితే, పెద్దవారయ్యారు, పొరపడి ఉంటారు, ప్రార్థన చేద్దాం అన్నారు. నేను అడిగింది ప్రార్థన కాదు, వచ్చి చూడమని. సువార్తమ్మ అయితే, "పోనీండి, ఓ పిడికెడు ఎక్కువైతే ఎవరేడుత్తారండి?" అంది. ఒంటి మీద కారం చల్లినట్టయింది. చివరికి డబ్బా పాస్టరుగారింట్లో మూడు వారాలు పెట్టించాను. వాళ్ల అమ్మగారు రోజుకో పిడికెడు వేశారు. మూడు ఆదివారాలూ ఏడే. మా ఇంటికి తెచ్చిన వారమే మళ్లీ ఎనిమిది.

అప్పుడు స్త్రీల సమాజంలో మార్తమ్మ పేరున డబ్బా పెట్టించాలని అడిగాను. చనిపోయినవాళ్ల పేరు ఎలా చదువుతాం అన్నారు. ఇలాగైతే రేపు అందరూ అడుగుతారన్నారు. డోరు నంబరు లేదు కదా అని ప్రెసిడెంటుగారు గుర్తుచేశారు.

"ఆ రూలు పెట్టింది తమరే కదండి టీచరుగారూ," అన్నారావిడ, చాలా మర్యాదగా.

నా రూలు నేనే తీసెయ్యడానికి నాలుగు మీటింగులు పట్టింది. నాలుగోసారి గొంతు పోయేదాకా మాట్లాడితే, ఆయ్, అలాగే కానివ్వండి అన్నారు. ఒప్పుకుని కాదు, వదిలించుకోవడానికి. కొత్త డబ్బా కొని దాని మీద మార్తమ్మ అని రాయించాను. డోరు నంబరు చోటు ఖాళీగా వదిలాను. తెచ్చి బీరువాలో నా డబ్బా పక్కన పెట్టాను. ఇక ఇది తేలిపోతుంది అనుకున్నాను.

ఆదివారం తీసి చూస్తే కొత్త డబ్బా ఖాళీ. నా దాంట్లో ఎనిమిది.

కొత్త డబ్బా పెట్టి ఇప్పటికి పదకొండు వారాలు. డబ్బాల చోట్లు మార్చాను. నాది మూసి, ఆమెది తెరిచి పెట్టాను. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, ఒకరోజు బీరువా ముందు నిలబడి నీది ఇదిగో, ఇందులో వెయ్యి అని గట్టిగా కసిరాను కూడా. ఏం మారలేదు.

ఆ పిడికెడు తీసి ఆమె డబ్బాలో పోసి తెచ్చెయ్యండి, పేరు చదివించేద్దాం అని పాస్టరుగారు అంటారు. ఆయనకు అది సులువే. మూడుసార్లు ఆమె బియ్యం నేనే తీసి వెనక్కిచ్చాను. ఇంకోసారి తీసి, ఆమె వెయ్యని చోట పొయ్యడానికి నాకు చెయ్యి రావడం లేదు.

అది ఎలా వస్తోందో నాకు తెలియదు. వస్తే ఆమె డబ్బాలోకి ఎందుకు రాదో అసలే తెలియదు. దేనికైనా కారణం రాబట్టగలననే నమ్మకంతో ఇంతకాలం బతికాను. ఇక్కడ నా బుర్ర పనిచెయ్యడం లేదు, అదే నాకు కష్టంగా ఉంది.

ఆదివారం జాబితా చివర మార్తమ్మ పేరు దగ్గరికి వచ్చేసరికి కార్యదర్శిగారు తలెత్తి నా వైపు చూస్తారు. ఆమె డబ్బాలో ఏమీ లేదని నేను తల అడ్డంగా ఊపుతాను. ఆయన ఆ పేరు వదిలేసి పుస్తకం మూస్తారు. అంతకు ముందే నా పేరు పైకి చదివి ఉంటారు, ఎనిమిది పిడికిళ్లకీ కలిపి.