గాటు లేని మడత

మా ముత్తాత మానేరు ఒడ్డున ఏడు ఊళ్లకు దేశ్‌ముఖ్. మా తాత కాలానికి ఆ ఏడు మూడయ్యాయి, అయినా ఆయన దగ్గర్నుంచి ఉత్తరం వచ్చిందంటే తహసీలు కచేరీలో గుమాస్తాలు లేచి నిలబడి అందుకునేవారట. మా నాన్న కోటలాంటి ఆ ఇంటికి, మా గడికి, ఆఖరి వారసుడిగా పుట్టి, సూరత్‌లో పాండేసర రంగుల మిల్లులో హాజరు రాసే గుమాస్తాగా పోయాడు. నేను ఆయన కొడుకును. ఇదంతా ఇప్పుడెందుకంటే, మొన్న ఆదివారం నవాగామ్‌లోని మా గదిలో అటక మీది రేకు డబ్బా దింపి, మా మనవరాలు అందులోంచి ఒక గ్రీటింగ్ కార్డు తీసి నా చేతిలో పెట్టింది. లేత గోధుమరంగు దళసరి కాగితం, పైన గడి సింహద్వారం ఆకారంలో కోసిన కమాను, నాలుగు మూలలూ ఒకదానిలోకి ఒకటి దూరి బిగుసుకున్న మడత, దాని మీద నా పేరు.

"తాతా, యే ఖుల్తా కైసే? ఎట్ల తీస్తరు దీన్ని?" అంది. చూపిస్తానని తీసుకున్నాను.

ఆ మడత మా ఇంటిది. మా తాత ఉత్తరాలకు లక్క గానీ జిగురు గానీ ఉండేది కాదు. మూలల్లో ఒకదాన్ని బొటనవేలితో నొక్కి, దాని పక్కదాన్ని లాగితే కాగితం మొత్తం పువ్వులా విచ్చుకునేది, తప్పు మూల పట్టుకుంటే చిరిగేది. దారిలో ఎవరైనా విప్పి చూశారేమో చిరుగే చెప్పేది. మా ఉత్తరం విప్పడం తెలియడమే ఆ చుట్టుపక్కల ఒక హోదా. భూములు పంచాయితీల్లో పోయాయి, గడి పోయింది, మా నాన్న మాత్రం మిల్లులో పారేసిన హాజరు కాగితాలు ఇంటికి తెచ్చి, ఆదివారాలు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఆ మడత నేర్పాడు. ఆయన నాకిచ్చిన ఆస్తి అదొక్కటే.

నేనూ ఆ మిల్లులోనే పనిచేశాను. మిల్లు మూతపడ్డాక, ఆ మడతతో కార్డులు చేద్దామన్న ఆలోచన మా ఆవిడది. ఆమె మామూలు రైతు ఇంటి పిల్ల, ఏ వస్తువునైనా పనికొస్తుందా లేదా అనే చూసేది. మిగిలిన ఒకే ఒక్క ఫోటో చూసి గడి ద్వారం కమాను గీసింది. డైలు, అంటే కాగితం కోసే అచ్చులు, చేసే పనివాడు ఆ గీత వెంబడి పదునైన ఉక్కు పట్టీని వంచి, చెక్కలో దిగ్గొట్టి, కోసిన కాగితం పట్టుకోకుండా పైకి ఎగరడానికి పక్కల రబ్బరు ముక్కలు అంటించి ఇచ్చాడు. పాత చేతిప్రెస్సు ఒకటి గది గుమ్మం పక్కన బిగించాం. ఆమె చక్రం తిప్పేది, కాగితం కిర్రుమనేది, కమానులోపలి ముక్క గోరు తీసినట్టు ఊడిపడేది. సిరా అయిపోయిన రీఫిలు మొనతో మడత గీతలు లాగి, నాలుగు మూలలు నేను బిగించేవాణ్ణి. ఆ పని ఇంకెవరికీ ఇవ్వలేదు.

దీపావళి మర్నాడు గుజరాతీలకు కొత్త సంవత్సరం, వ్యాపారులు తమ ఖాతాదారులకు కార్డులు పంపే రోజు. మొదటి ఏడు ఒక చీరల సేఠ్ మా కార్డులే తీసుకున్నాడు. పండగ వెళ్లాక కబురు పెట్టాడు, మెచ్చుకుంటాడనుకుని ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాను. ఖాతాదారులు విప్పబోయి చింపిన కార్డులు బల్ల మీద పరిచి ఉన్నాయి.

"ఏ భాయ్, ఆ కార్డ్ ఛే కే తాళుం?" అన్నాడు, కార్డా తాళమా అని. కొట్లో అందరూ నవ్వారు. ఆయన మాత్రం చెడ్డవాడు కాడు. నొక్కాల్సిన మూల దగ్గర బొటనవేలు పెట్టేంత గాటు ఒకటి కోయించమన్నాడు. అది చేస్తే ఏటేటా దీపావళి కార్డులే కాదు, చీరల పెట్టెల మీది అట్టలు కూడా మాకే ఇస్తానన్నాడు. మాకు వేరే ఆధారం లేదని ఆయనకూ తెలుసు. ఆలోచించి చెబుతానని వచ్చేశాను. ఆలోచించడానికి నాకేమీ లేదు.

"మంచిగనే చెప్పిండు గదా. జర ఏలంత గాటు పెడితే మీ తాత మీసం ఏమన్న ఊడిపడ్తదా?" అంది మా ఆవిడ.

గాటు పెడితే దాన్ని ఎవడైనా విప్పుతాడన్నాను.

"ఇప్పాలెననే గదా ఇస్తున్నం?"

కోపంతో చొక్కా తగిలించుకుని బయటికి పోయాను. తర్వాతి ఆదివారం నన్ను డుమస్ సముద్రం ఒడ్డుకు తీసుకుపోయింది, గాలి తగిలితే మెత్తబడతాననుకుందేమో. అక్కడ భజియాలు వేయించే ఆమెకు ఒక కార్డు ఇచ్చి విప్పమంది. పాపం ఆమె చేతులు కొంగుకు తుడుచుకుని, అటు తిప్పి ఇటు తిప్పి, చివరికి పళ్లతో పట్టి లాగింది. కమాను నడిమికి చిరిగింది. ఇద్దరాడవాళ్లూ కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వుకున్నారు. నేను లేచి వచ్చి బస్సు దగ్గర నిలబడ్డాను.

వారం తిరక్కుండా నాకు చెప్పకుండా గాటున్న డై చేయించి, దాంతో ఒక కార్డు కోసి చూపించింది. నిజం చెప్పాలి, అందంగానే ఉంది, నెలవంకలా. ఆ డైని తీసి మంచం కిందికి తోసేశాను. సేఠ్‌కు మా ఇంట్లో గాట్లు పెట్టే అలవాటు లేదని కబురంపాను. ఆయన ఇంకోచోట చేయించుకున్నాడు. ఆ దీపావళికి మమ్మల్ని అడిగినవాళ్లు లేరు. పండగ మర్నాడు పొద్దున ఆమె, మొన్న మనవరాలికి దొరికిన ఈ కార్డు నా చేతిలో పెట్టింది. గాటు డైతో చేసి ఉంటుందనుకుని, మడత వైపు చూడను కూడా చూడకుండా రేకు డబ్బాలో పడేశాను. ఆ తర్వాత ఆమె చీరలకు చమ్కీలు అంటించే పనికి కుదిరింది, కళ్లు మసకబారేదాకా అదే చేసింది. మళ్లీ ఆమె గానీ నేను గానీ కార్డు చెయ్యలేదు. ఆమె పోయి మూడు వానాకాలాలయింది.

మొన్న ఆదివారం ఆ కార్డు అంచులన్నీ వేలితో తడిమాను. ఎక్కడా గాటు లేదు. మడత కూడా ఆమె బిగించిందే, అన్నాళ్లూ నా పక్కన కూర్చుని చూసి నేర్చుకుంది కాబోలు. నేను కోరినట్టే చేసింది. ఏ మూల ముందో నాకు గుర్తు రాలేదు. ఒక మూల లాగబోతే కాగితం పిగిలిన చప్పుడైంది, వదిలేశాను.

"కైంచీ తేవాల్నా తాతా?" అంది మనవరాలు. కత్తెర వద్దన్నాను. ఏం రాసిందో తెలియదు. దాన్ని కత్తిరించి చదివే ధైర్యం లేదు, విప్పే చెయ్యి లేదు, ఇక నేర్పేవారూ లేరు.

ఇప్పుడు పండగ పొద్దున శుభాకాంక్షలన్నీ ఫోనులో వచ్చి పడుతున్నాయి. దీపాలు వాటంతటవే వెలుగుతాయి, పువ్వులు వాటంతటవే విచ్చుకుంటాయి, విప్పడానికి ఎవరి చెయ్యీ అక్కర్లేదు, దాచుకోవడానికీ ఏమీ ఉండదు. మా వయసువాళ్లు దాన్ని తప్పుపడుతుంటారు. నేను తప్పుపట్టను, నాకా అర్హత లేదు.

ఆమె చనిపోయిన ఏడాదే గది ఇరుకైందని ప్రెస్సు, కమాను డై, మంచం కిందున్న గాటు డై, అన్నీ ఒకే తూకంలో తుక్కు కొనే భంగార్‌వాడికి పాత ఇనుము కింద అమ్మేశాను.