ఆవిడకు కనబడ్డ అతుకు

ఈ రోజు పొద్దున ఇంటర్నెట్ సెంటర్‌లో మా చీరల దుకాణం వెబ్‌సైట్ తెరవగానే ఒక ఫిర్యాదు కనబడింది. "గద్వాల చీరని చెప్పి, అంచు అతికించిన ముక్కల చీర అంటగట్టారు. మోసం" అని బెంగుళూరు నుంచి ఒకావిడ రాసింది. అదీ లోకమంతా చదివే చోట!

నూలు చీరకు పట్టు అంచును మగ్గం మీదే పోగు పోగునా కలిపి నేయడమే మా గద్వాల పనితనం. ఆ మాటే ఘాటుగా పది లైన్లు కొట్టాను. పంపే ముందు, ఆ చీర నేసిన కిష్టప్ప మామను పక్క వీధి నుంచి పిలిపించి ఆవిడ ఫిర్యాదూ, నా జవాబూ చదివి వినిపించాను. శభాష్ అంటాడనుకున్నాను. ఆయన ముఖం మాడిపోయింది.

"ఆమెనెందుకు తిడ్తున్నవ్ బిడ్డా? అతుకు ఆమె కండ్లకు కనబడ్డదా?"

"కనబడ్డదట మామా."

"గట్లయితే తప్పు నాదే. నేను నేస్తే కనబడొద్దు. చీర వాపసు తెప్పియ్యి, జర చూస్త."

పది లైన్లూ చెరిపేసి, "చీర పంపండి, నేసినాయన చూస్తానంటున్నారు" అని మాత్రం రాసి వచ్చాను.

ఆవిడ ఇంకా పలకలేదు. మామ మాత్రం సాయంత్రంలోపే మూడుసార్లు వచ్చి "చీర వచ్చిందా?" అని అడిగాడు. పొద్దుట్నుంచీ ఆయన మగ్గం దగ్గర కూర్చోనేలేదట. ఆవిడ జవాబు కోసమైతే ఆగుతాను. మామకేం చెప్పాలో మీరే చెప్పండి.