ఊదకుండా అంటుకునే పొయ్యి

మొన్న సోమవారం ప్రార్థన జరుగుతుండగా కబురొచ్చింది, మా బడిలో అన్నం వండే ఆయమ్మ పోయిందని. పిల్లలకి ఆ సంగతి చెప్పలేదు. ఈరోజు సెలవని మాత్రం చెప్పి పంపేశాను. ఆవిడ గురించి నాలుగు మాటలు రాయడం తప్ప ఇప్పుడు నా చేతిలో ఏమీ లేదు. ఆవిడ ఉన్నప్పుడూ లేదు.

సత్తెనపల్లి దగ్గర పల్లెటూరి బడి మాది. మధ్యాహ్న భోజనం మొదలైన ఏడే ఆవిడ వంటకి కుదిరింది. రేకుల పంచ, మూడు రాళ్ల పొయ్యి, పత్తి కట్టె. ముసురు పట్టిందంటే ఆ కట్టె ఓ పట్టాన అంటుకోదు. మిగతా బళ్లలో వంటవాళ్లు గొట్టం పట్టుకుని కళ్లు ఎర్రబడేదాకా ఊదేవాళ్లు. ఈవిడ మాత్రం ఒక్క ఉండ పొయ్యిలో పెట్టి అగ్గిపుల్ల గీసేది. అంతే, భగ్గున మంట!

ఆ ఉండలు ఆవిడే చేసేది. జిన్నింగు మిల్లు బయట ఊడ్చిపోసిన దూది చెత్త తెచ్చేది. సమాధుల పండగ మర్నాడు సమాధుల తోటకి వెళ్లి, జనం వెలిగించిన కొవ్వొత్తుల్లో మిగిలిన ముక్కలు ఏరుకొచ్చేది. "చచ్చినోళ్ల సొత్తు తెస్తావేంటే" అని వాళ్లవాళ్లు తిట్టేవాళ్లు.

"ఆళ్లకి వెలుగిచ్చింది చాల్లే, ఇక పిల్లోళ్లకి అన్నం ఉడకనీ" అనేది.

ఆ మైనం పాత డబ్బాలో కరిగించి, దూదిలో రంపప్పొట్టు కలిపి, ముంచి, నిమ్మకాయంత ఉండలు చుట్టేది. పిల్లలు వాటికి పొయ్యి లడ్డూలని పేరు పెట్టారు. నేనైతే బడికి వచ్చినవాళ్లందరికీ చూపించి, "మా ఆయమ్మ తెలివి చూశారా!" అని గొప్పలు పోయేవాణ్ణి. బుద్ధి ఉండొద్దూ నాకు?

ఓ వానాకాలం ఉండలు అయిపోయాయి. నేను హుషారుగా పక్క కొట్టంలో ఉన్న ఎండు మోపు తెచ్చి, పొయ్యిలో కుక్కి ముట్టించాను. అది మిరప కట్టె. తాలు కాయలు ఇంకా దానికే ఉన్నాయని చూసుకోలేదు. ఒంగోలు టౌన్లో పుట్టి పెరిగినవాణ్ణి, నాకేం తెలుసు? బడి బడంతా తుమ్ములు, దగ్గులు. పిల్లలు నవ్వుకుంటూ పరిగెత్తారు. ఆవిడ గోడవార చతికిలబడిపోయింది. ఊపిరి అందడం లేదు.

"ఏమ్మా, ఏమైంది?" అంటే ఊపిరి కూడగట్టుకుని చెప్పింది.

"ఊదే ఊపిరి పొగాకు ఎండబెట్టే బ్యారన్ల కాడ, ఆ పొగలోనే పోయిందండీ మాస్టారూ. అందుకేగా ఆ ఉండలు. ఎవరితో అనకండి, పని తీసేస్తారు. పని పోతే మా పొయ్యిలో పిల్లి లేవదు."

టౌనుకి తీసుకెళ్లి బ్రాడీపేటలో డాక్టరుకి చూపించాను. పొగ దగ్గరికి పోవద్దన్నాడు. బడికి గ్యాస్ పొయ్యి ఇప్పించమని అర్జీ మీద అర్జీ పెట్టాను. ఉలుకూ లేదు పలుకూ లేదు. పని మానమంటే తిండి పోతుంది, మానొద్దంటే ప్రాణం పోతుంది. నేను నోరు మూసుకున్నాను. ఇప్పుడు సిగ్గేస్తోంది.

పోయిన నెల ఆవిడ ఇంటికి వెళ్లాను. మంచం మీద కూర్చునే ఉంది. పడుకుంటే ఆయాసమట. కూతురు టీ పెడతానని వాకిట్లో పొయ్యి దగ్గర కూర్చుంది. వద్దంటే ఆవిడే కసిరింది, "మాస్టారు మొదటిసారి ఇంటికొస్తే టీ తాగకుండా పోతారా" అని. తడి కట్టె, అంటుకోదు. గాలి ఇంట్లోకి కొట్టడం లేదు కదా, పొగ ఆవిడ దాకా పోదులే అని నేనే గొట్టం అందుకుని ఊదాను. మధ్యలో తలెత్తితే, గుమ్మంలోంచి ఆవిడ నావైపే చూస్తోంది. నేను ఊదినప్పుడల్లా ఆవిడ పెదాలు కూడా సున్నాలా చుట్టుకుంటున్నాయి. గాలి మాత్రం రావడం లేదు.