బీరువాలో మరిచిన కెమెరా

మిరపకోతల రోజుల్లో ఒక మధ్యాహ్నం తల్లాడలోని మా ఇంటి గేటు దగ్గర ఒక అమ్మాయి వచ్చి నిలబడింది. నేను గుర్తుపట్టలేదు.

"మీ బళ్లె చదివిన సారూ" అని ఊరి పేరు చెప్పింది. భద్రాచలం అవతల, అడవిలో ఊరు. నా మొదటి ఉద్యోగం అక్కడే. ఆ ఊరివాళ్లు కొందరు మిరపకాయలు ఏరే పనికి మా వైపు వచ్చి, చేను గట్టునే ఉంటున్నారట.

కూర్చోమన్నా కూర్చోలేదు. "మా అమ్మ వానాకాలంల చచ్చిపోయింది సారూ. ఆధార్ కార్డుల ఫోటో ఆమె లెక్కనే లేదు. మీరు తీసిండ్రు కదా, ఇప్పచెట్టు కాడ. సారు కెమెరాల నేనున్న అని అందరికీ చెప్పుకునేది."

"చూస్తానమ్మా" అన్నాను.

ఫోన్ కొన్నాక ఆ కెమెరాను తోలు సంచీలో పెట్టి, బీరువాలో బట్టల కింద తోసేశాను. పన్నెండేళ్లుగా ముట్టలేదు. ఇప్పుడు దాని బ్యాటరీ సెల్లుల మూత బలవంతంగా తీస్తే లోపలినుంచి తెల్లటి పొడి రాలింది. లెన్స్ లోపల సాలెగూడులాంటి పోగులు.

ఖమ్మంలో కెమెరాలు బాగుచేసే పెద్దాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"సెల్లులు లోపట్నే ఉంచిండ్రా సార్?"

"అవును."

"తీసి పెట్టాలె. అవి కారి రేకులన్నీ తినేసినయి. తోలు సంచి తేమ పట్టుకుంటది, గందుకే అద్దానికి బూజు. అప్పుడప్పుడు బయటికి తీసి నాలుగు ఫోటోలు కొట్టుకున్నా గిట్ల అయ్యేది కాదు."

మెమరీ కార్డు ఎప్పుడో పోయింది. ఫోటోలు ఉంటే కెమెరా సొంత మెమరీలోనే ఉండాలి. బాగుచేయమని ఇచ్చి వారం తర్వాత వెళ్తే తెర వెలిగింది. నాకు సంతోషం కలగలేదు.

ఆ ఊళ్లో పనిచేసేటప్పుడు ఒక పొద్దున నేను ఒక ఫోటోల పోటీకి పంపడానికి ఇప్పపూల ఫోటో కోసం వెళ్లాను. చెట్టు కింద ఈ అమ్మాయి తల్లి గంప నిండా పూలు కనిపించాయి. ఫోటో తీస్తానంటే ఆమె వాగుకు పరుగెత్తి ముఖం కడుక్కుని, జుట్టు దువ్వుకుని వచ్చి, గంప పక్కన నిటారుగా నిలబడింది. నేను జూమ్ చేసి గంపనే తీశాను. "పడ్డనా సారూ?" అని అడిగింది. "బాగా పడ్డవ్" అన్నాను.

ఒక్క దాంట్లోనైనా ముఖం ఉంటుందేమోనని ఆశ. ఐదు ఫోటోలు. ఐదింట్లోనూ గంప. ఒకదాంట్లో చీర కుచ్చిళ్లు.

"ఇందుల మనిషేది సార్?" అన్నాడు పెద్దాయన.

ఆ కుచ్చిళ్లున్న ఫోటోను ప్రింట్ తీయించుకుని మిరప చేనికి వెళ్లాను. అమ్మాయి సాలులోంచి లేచి పరుగున వచ్చింది. ఆ ముఖం చూసేసరికి ప్రింట్ జేబులోంచి తీయలేకపోయాను.

"బాగుకాలేదమ్మా" అన్నాను.

"పోనీ సారూ. మిషన్ కదా, మీరేం జేస్తరు? ఖమ్మం దాక పోయిండ్రు, గదే చాలు."

ఆ మాట నేను మోయలేకపోయాను. ప్రింట్ తీసి చేతికిచ్చి, జరిగింది చెప్పాను. పోటీ గురించి, జూమ్ గురించి, "పడ్డవ్" అన్న అబద్ధం గురించి.

అమ్మాయి ఫోటో చూసింది.

"ఆ పొద్దు అమ్మ పువ్వు ఏరుడు ఆపి వచ్చింది సారూ. మేకలొచ్చి చెట్టు కిందంత తినిపోయినయి. అయ్య తిట్టిండు. అయినా నవ్వుకుంట ఉన్నది."

నాకు తెలియదు. ఇన్నేళ్లలో తెలుసుకునే పనీ పెట్టుకోలేదు.

ఫోటోను తుడిచి నా చేతికి తిరిగిచ్చింది.

"గంప మా ఇంట్ల ఉంది సారూ" అంది. కోపంగా అనలేదు.

వెళ్లి సాలులో కూర్చుంది. పక్కనున్న ఆడవాళ్లు ఏదో అడిగారు. తమ భాషలో రెండు ముక్కలు చెప్పింది. వాళ్లెవరూ తలతిప్పి నావైపు చూడలేదు. చూస్తే బాగుండుననిపించింది.